పిప్ ఉందంటుంది, పైథాన్ లేదంటుంది

భీమవరం చుట్టుపక్కల చెరువులున్న ఇళ్ల పిల్లలు పైథాన్ పట్టుకుంటే మొదటి ప్రాజెక్టు దాదాపు ఒకటే: రొయ్యల మేత లెక్క. తేదీ, చెరువు నంబరు, ఎన్ని కిలోల మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది. అమలాపురం వైపైతే కొబ్బరి దింపు లెక్క. ఇంట్లో నోటు పుస్తకంలో రాసుకునేదాన్నే డేటాబేస్‌లోకి ఎక్కించాలని వాళ్ల కోరిక. ప్రోగ్రాం మొత్తం ముప్పై లైన్లుండదు. ఆగిపోయేది మాత్రం మొట్టమొదటి లైన్లోనే, ఇంపోర్ట్ దగ్గర, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన మాడ్యూల్‌ని తెచ్చుకునే చోట.

ఈ మధ్య అలాంటి ఒక విండోస్ ల్యాప్‌టాప్ మీద ఈ చిక్కు ఎలా విప్పానో వరసగా రాస్తున్నాను. మధ్యమధ్య ల్యాబుల్లోనూ ఉబుంటు మెషిన్ల మీదా చూసినవి కూడా కలుస్తాయి. ఆజ్ఞలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు కొట్టండి, పెద్ద అక్షరాలు తప్పనిసరి అయిన చోట విడిగా చెబుతాను.

పైమైఎస్‌క్యూఎల్ అంటే పైథాన్‌ని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కలిపే ప్యాకేజీ, పిప్ అంటే అలాంటి ప్యాకేజీలు దించి వేసే పనిముట్టు. స్క్రీన్ మీద రెండు మాటలున్నాయి. ప్రోగ్రాం నడిపితే వచ్చింది ఒకటి: ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్: నో మాడ్యూల్ నేమ్‌డ్ పైమైఎస్‌క్యూఎల్’. దాని కింద ‘పిప్ ఇన్‌స్టాల్ పైమైఎస్‌క్యూఎల్’ కొడితే వచ్చింది ఇంకొకటి: ‘రిక్వైర్‌మెంట్ ఆల్‌రెడీ శాటిస్‌ఫైడ్’.

“అదేమో ఉందంటుందండి, ఇదేమో లేదంటుందండి. ఎవరి మాట నమ్మాలి మాస్టారూ?” అన్నాడు కుర్రాడు.

రెండూ నిజమే చెబుతున్నాయి. అప్పటికే అతను నాలుగుసార్లు తీసేసి మళ్లీ వేశాడు, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ కూడా చేశాడు. అయిదోసారి వేసినా అంతే. ఎందుకంటే పిప్ వేస్తున్నది ఒక పైథాన్‌కి, ప్రోగ్రాం నడుస్తున్నది ఇంకో పైథాన్‌తో. ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టా కాలువకి నీళ్లు వదిలి, భీమవరంలో చేను తడవలేదేమిటని చూస్తే ఎలా ఉంటుంది? నీళ్లు వదిలిన మాట అబద్ధం కాదు, చేను ఎండిన మాటా అబద్ధం కాదు. భీమవరానికి నీళ్లు రావాలంటే పశ్చిమ డెల్టా కాలువ తలుపులు ఎత్తాలి.

కాబట్టి మొదట చెయ్యాల్సింది ఇన్‌స్టాల్ కాదు, ఎవరు మాట్లాడుతున్నారో కనుక్కోవడం. ఆగిపోయిన ఆ ప్రోగ్రాంలోనే, ఇంపోర్ట్ లైనుకి పైన, రెండు లైన్లు పెట్టించాను: ‘ఇంపోర్ట్ సిస్’, దాని కింద ‘ప్రింట్’ బ్రాకెట్లో ‘సిస్ చుక్క ఎగ్జిక్యూటబుల్’. ప్రోగ్రాం ఎలా నడుపుతున్నారో అలాగే నడపాలి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్లో బాణం గుర్తు నొక్కి నడిపే అలవాటుంటే ఆ బాణమే నొక్కాలి, ఇది చూడ్డానికి మాత్రం కమాండ్ ప్రాంప్ట్‌కి వెళ్లకూడదు. వెళ్తే మాట్లాడేది మారిపోవచ్చు, అప్పుడు మనం చూసేది వేరే పైథాన్ జవాబు. ఇక్కడ వచ్చిన దారి చివర ‘పైథాన్313’ అనే ఫోల్డరుంది. ఆ తర్వాత టెర్మినల్‌లో ‘పిప్ --వెర్షన్’ కొట్టించాను. ఆ ఒక్క లైన్లో మూడు సంగతులుంటాయి: పిప్ వెర్షను, అది కూర్చున్న ఫోల్డరు, చివర బ్రాకెట్లో అది ఏ పైథాన్‌కి చెందినదో. చివర ‘పైథాన్ 3.11’ అనీ, ఫోల్డరు దారిలో ‘అనకొండ3’ అనీ ఉంది.

కథ అక్కడే తేలిపోయింది. మిగతాది కూడా చూద్దామని కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ పైథాన్’ కొడితే మూడు దారులొచ్చాయి. ఒకటి అనకొండది. డేటా సైన్స్ నేర్చుకుందామని ఎప్పుడో వేశాడు, వేసేటప్పుడు పాత్‌లో, అంటే ఆజ్ఞల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో, చేర్చే టిక్కు పెట్టాడు. ఆ టిక్కు పెట్టమని సిఫారసు చెయ్యడం లేదని దాని పక్కనే రాసుంటుంది, చదివేవాళ్లే తక్కువ. రెండోది పైథాన్ సైటు నుంచి దించిన 3.13. మూడోది ‘విండోస్‌యాప్స్’ అనే ఫోల్డర్లో ఉంది, అది అసలు పైథానే కాదు, మైక్రోసాఫ్ట్ స్టోర్‌కి తీసుకెళ్లే డొంకదారి. అసలు పైథాన్ లేని మెషిన్ మీద ‘పైథాన్’ కొడితే స్టోర్ తెరుచుకునేది దీనివల్లే. సెట్టింగ్స్‌లో ‘యాప్ ఎగ్జిక్యూషన్ ఎలియాసెస్’ అని వెతికి, అందులో పైథాన్ పేరున్న రెండు స్విచ్చులూ ఆపేస్తే ఆ పీడ వదులుతుంది.

విండోస్‌లో ‘పై’ అనే చిన్న లాంచర్ ఉంటుంది, పీ వై రెండే అక్షరాలు. ‘పై -0పీ’ కొడితే (సున్నా, దాని పక్కనే పీ) దానికి తెలిసిన పైథాన్లన్నీ దారులతో సహా చూపిస్తుంది. ఏదీ చెప్పకపోతే నడిచేదాని పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. అనకొండ ఈ జాబితాలో కనపడకపోవచ్చు, అందుకే ‘వేర్’ కూడా చూడాలి.

మందు ఒక్క లైను: ‘పై -3.13 -ఎం పిప్ ఇన్‌స్టాల్ పైమైఎస్‌క్యూఎల్’. నేర్చుకునేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: ఒంటరిగా ‘పిప్’ అని కొట్టడం మానేయండి. విండోస్‌లో ‘పై -ఎం పిప్’, ఉబుంటులో ‘పైథాన్3 -ఎం పిప్’ అనండి. అలా అంటే ముందున్న పైథాన్ తన పిప్‌ని తానే పిలుచుకుంటుంది, సరుకు వేరే ఇంటికి పోదు.

వీఎస్ కోడ్ వాడేవాళ్లకి ఇంకో మెట్టుంది. కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కి ‘పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ ఎంచుకుని, సరుకు వేసిన పైథాన్‌నే చూపించాలి. పైథాన్ ఫైలు తెరిచి ఉంటే కింద కుడి మూల ఎంచుకున్నదాని వెర్షను కనిపిస్తుంది. మార్చిన తర్వాత పాత టెర్మినల్ మూసి కొత్తది తెరవాలి, పాతది పాత దారినే పట్టుకుని ఉంటుంది. జూపిటర్ నోట్‌బుక్‌లో అయితే సెల్‌లోనే శాతం గుర్తు పెట్టి ‘%పిప్ ఇన్‌స్టాల్’ అనాలి. ఆశ్చర్యార్థకం గుర్తుతో కొడితే అది బయటి పిప్, ఏ ఇంటిదో గ్యారంటీ లేదు.

ఈ ల్యాప్‌టాప్ సంగతి అలా తేలింది. అన్నీ ఇంత తేలిగ్గా పోవు. రెండో రకం చిక్కు పేర్లది, దానికి ఎక్కువసేపు పడుతుంది. పిప్‌కి చెప్పే పేరు ఒకటి, ఇంపోర్ట్‌లో రాసే పేరు ఇంకొకటి. బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్న పిల్లాడి లాంటిదన్నమాట.

మైఎస్‌క్యూఎల్‌కే ముగ్గురున్నారు. ‘పైమైఎస్‌క్యూఎల్’ రెండు చోట్లా ఒకటే పేరు, గొడవ లేదు. ‘మైఎస్‌క్యూఎల్‌క్లయింట్’ అని ఇన్‌స్టాల్ చేసేదాన్ని ఇంపోర్ట్‌లో ‘మైఎస్‌క్యూఎల్‌డీబీ’ అనాలి, అదీ అక్షరాల సైజు తప్పకుండా: ఎం పెద్దది, వై చిన్నది, ఎస్ క్యూ ఎల్ మూడూ పెద్దవి, డీ బీ చిన్నవి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అదే ‘నో మాడ్యూల్’ వస్తుంది. మూడోది ‘మైఎస్‌క్యూఎల్-కనెక్టర్-పైథాన్’. దీన్ని ఇంపోర్ట్‌లో ‘మైఎస్‌క్యూఎల్ చుక్క కనెక్టర్’ అంటారు. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్సులో చెప్పేది ఇదే కాబట్టి ఎక్కువమంది దీనితోనే మొదలుపెడతారు.

ఇందులో ఒక గుంట ఉంది. చివర ‘పైథాన్’ లేకుండా ‘మైఎస్‌క్యూఎల్-కనెక్టర్’ అనే పాత ప్యాకేజీ కూడా దొరుకుతుంది. అది వేసినా ఇంపోర్ట్ నడుస్తుంది, అదే దాని మోసం. కనెక్ట్ చేసేటప్పుడు ‘ఆథెంటికేషన్ ప్లగిన్ క్యాచింగ్ షా2 పాస్‌వర్డ్ ఈజ్ నాట్ సపోర్టెడ్’ అని ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి కొత్త యూజర్లకి మామూలుగా వచ్చే పాస్‌వర్డ్ పద్ధతి అదే, పాత ప్యాకేజీకి అది తెలియదు. పైగా రెండూ ఒకే ఫోల్డర్లో కూర్చుంటాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి వేస్తే ఇంకా గందరగోళం. రెండింటినీ తీసేసి, చివర పైథాన్ ఉన్నది ఒక్కటే మళ్లీ వేయాలి. సర్వర్లో యూజర్ పాస్‌వర్డ్ పద్ధతిని పాతదానికి మార్చమని కొందరు సలహా ఇస్తారు. అది చెప్పు సరిపోలేదని కాలు కోసుకోవడమే.

ఊహించి పేర్లు కొట్టడం అసలే వద్దు. ‘పిప్ ఇన్‌స్టాల్ మైఎస్‌క్యూఎల్’ అని ఒంటరిగా కొడితే దానికీ ఒక ప్యాకేజీ ఉంది. అది పైకి ఉత్త పేరే, లోపల మైఎస్‌క్యూఎల్‌క్లయింట్‌ని లాక్కొస్తుంది. ‘సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్’ అని వస్తుంది, ‘మైఎస్‌క్యూఎల్ చుక్క కనెక్టర్’ మాత్రం రాదు. అసలు పేరుకి ఒక అక్షరం తేడాతో దొంగ ప్యాకేజీలు పెట్టేవాళ్లూ ఉన్నారు, కాబట్టి పేరు ఆ లైబ్రరీ సొంత పేజీలో చూసి కొట్టాలి.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లకి ఇదే సంగతి: ఇన్‌స్టాల్ ‘సైకోపీజీ2-బైనరీ’, ఇంపోర్ట్ ‘సైకోపీజీ2’. దీనిలో మొదటి అక్షరం పీ, పలకదు, రాయాలి.

ఎస్‌క్యూలైట్ వేరు. ‘పిప్ ఇన్‌స్టాల్ ఎస్‌క్యూలైట్3’ అంటే ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్’ అంటుంది, పిల్లలు కంగారుపడతారు. అది పైథాన్ 2.5 నుంచీ పైథాన్‌తోనే వస్తోంది, విడిగా వేసేదేమీ లేదు. ఇంపోర్ట్ అంటే చాలు. ఒక్కోసారి ఉబుంటు మీద ‘నో మాడ్యూల్ నేమ్‌డ్ అండర్‌స్కోర్ ఎస్‌క్యూలైట్3’ అని వస్తుంది. ముందున్న ఆ అండర్‌స్కోరే అసలు ఆధారం. పైథాన్ భాషలో రాసిన పై భాగం దొరికింది, సీ భాషలో ఉన్న లోపలి భాగం దొరకలేదని దాని అర్థం. సోర్సు దించి సొంతంగా కంపైల్ చేసుకున్న పైథాన్లలో, పైఎన్వ్ (రకరకాల పైథాన్ వెర్షన్లు వేసే పనిముట్టు)తో వేసినవాటిలో ఇది వస్తుంది. కంపైల్ చేసేనాటికి మెషిన్ మీద ‘లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్’ లేదు, పైథాన్ తనంతట తాను ఆ భాగం వదిలేసి మిగతాది కట్టేసింది. కంపైల్ చేసే ‘మేక్’ ఆజ్ఞ చివర్లో ఏయే భాగాలు వదిలేసిందో జాబితా చెప్పే ఉంటుంది, అప్పుడెవరూ చూడరు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్’ కొట్టడంతో సగమే అయింది. పైథాన్‌ని మళ్లీ కంపైల్ చేస్తేనే మిగతా సగం. లైబ్రరీ వేశాం కదా ఇంకా రాదేంటని చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

నన్నడిగితే ఒక ఇంటి మేత లెక్కకి ఎస్‌క్యూలైటే చాలు. సర్వర్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, డేటా అంతా ఒక ఫైలు. జాగ్రత్త ఒకటుంది: ఫైలు పేరు ఒక్కటే ఇచ్చి ప్రోగ్రాంని వేరే ఫోల్డర్ నుంచి నడిపితే, అక్కడ అదే పేరుతో ఖాళీ ఫైలు కొత్తగా పుట్టించి ‘నో సచ్ టేబుల్’ అంటుంది. పూర్తి దారి ఇవ్వాలి. కాలేజీ వాళ్లు ప్రాజెక్టుకి మైఎస్‌క్యూఎల్ ఉండాలంటారు కాబట్టి మళ్లీ దాని దగ్గరికే వద్దాం.

మూడో రకం కాస్త నవ్వు తెప్పిస్తుంది. ‘నో మాడ్యూల్ నేమ్‌డ్ మైఎస్‌క్యూఎల్ చుక్క కనెక్టర్; మైఎస్‌క్యూఎల్ ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్’. ఇందులో సెమికోలన్ తర్వాతి ముక్క కనిపిస్తే ఇక ఇన్‌స్టాల్ జోలికి పోవద్దు. తన ప్రోగ్రాం ఫైలుకే ‘మైఎస్‌క్యూఎల్ చుక్క పీవై’ అని పేరు పెట్టాడన్నమాట. పైథాన్ ముందు నడుస్తున్న ఫైలున్న ఫోల్డర్లో వెతుకుతుంది, తర్వాతే లైబ్రరీల ఫోల్డర్లో. ఇంట్లోనే ఆ పేరువాడు దొరికితే ఊళ్లోకి ఎందుకు వెళ్తుంది? ఫైలు పేరు ‘పైమైఎస్‌క్యూఎల్’ అయితే ఎర్రర్ వేరేగా ఉంటుంది: పైథాన్ 3.12 దాకా అయితే ‘పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్’ అంటూ మొదలై, సర్క్యులర్ ఇంపోర్ట్ అయుండొచ్చని ముగుస్తుంది; 3.13 నుంచి ఫైలు పేరు మార్చి చూడమని అదే చెబుతుంది. రెండింటికీ మందు ఒకటే, ఫైలు పేరు మార్చడం. ‘మేత_లెక్క’ అని పెట్టుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో. అనుమానం తీరాలంటే ఇంపోర్ట్ తర్వాత ఆ మాడ్యూల్ పేరుకి చుక్క పెట్టి, ‘ఫైల్’ అనే మాటకి ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు పెట్టి ప్రింట్ చేయండి. ఎక్కడినుంచి తెచ్చిందో దారి చెబుతుంది.

ఇప్పుడు అసలు బరువైనది, ఇన్‌స్టాల్ దగ్గరే కూలిపోయే రకం. మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ వేస్తుంటే ఎర్ర అక్షరాలు రెండు స్క్రీన్ల నిండా వస్తాయి. కింది నుంచి పైకి చదవాలి. విండోస్‌లో ‘మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 ఆర్ గ్రేటర్ ఈజ్ రిక్వైర్డ్’ అని ఉంటుంది. ఉబుంటులో కొత్త వెర్షన్లకి ‘కెన్ నాట్ ఫైండ్ వ్యాలిడ్ పీకేజీ-కాన్ఫిగ్ నేమ్’, పాతవాటికి ‘మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ నాట్ ఫౌండ్’, పోస్ట్‌గ్రెస్ వాళ్లకి ‘పీజీ కాన్ఫిగ్ ఎగ్జిక్యూటబుల్ నాట్ ఫౌండ్’.

కారణం అన్నింటికీ ఒకటే. ఈ ప్యాకేజీల్లో సీ భాష ముక్క ఉంది. మన పైథాన్ వెర్షనుకి, మన మెషిన్ రకానికి ముందే కంపైల్ చేసి పెట్టిన కట్ట, అంటే వీల్ ఫైలు, దొరికితే పిప్ దాన్ని దించి విప్పుతుంది, అయిదు సెకన్ల పని. దొరక్కపోతే సోర్సు దించి ఇక్కడే కంపైల్ చేయబోతుంది, పనిముట్లు లేక పడిపోతుంది. వీల్ ఫైలు పేరులోనే అంతా రాసుంటుంది: ‘సీపీ312’ ఉంటే పైథాన్ 3.12కి, ‘విన్_ఏఎండీ64’ ఉంటే 64 బిట్ విండోస్‌కి. ‘పీవై3-నన్-ఎనీ’ అని ఉంటే అది అచ్చంగా పైథాన్‌లోనే రాసింది, ఎక్కడైనా పనిచేస్తుంది. పైమైఎస్‌క్యూఎల్ ఈ చివరి రకం.

అందువల్ల విండోస్‌లో ఈ ఎర్రర్ వస్తే కొన్ని జీబీల విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ దించే ముందు రెండు చూడండి. ఒకటి, పైథాన్ మరీ కొత్త వెర్షనా? అది విడుదలైన కొత్తలో చాలా ప్యాకేజీలకి వీల్ ఇంకా వచ్చి ఉండదు. ఒక వెర్షను వెనక్కి వెళ్లడమే తెలివి. రెండు, 32 బిట్ పైథానా? పైథాన్ తెరవగానే వచ్చే మొదటి లైన్లో ‘32 బిట్’ అనో ‘64 బిట్’ అనో ఉంటుంది. పాత ల్యాబ్ మెషిన్లలో పొరపాటున 32 దించి ఉంటారు, దానికి వీల్స్ దొరకడం కష్టం.

ఉబుంటులో అయితే పనిముట్లు వేసుకోవడమే తేలిక: ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-డెవ్ డిఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్ బిల్డ్-ఎసెన్షియల్ పీకేజీ-కాన్ఫిగ్’. నాలుగూ కావాలి. పీకేజీ-కాన్ఫిగ్ ఒక్కటి మర్చిపోతే పైన చెప్పిన మొదటి ఎర్రర్ అలాగే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌కి ‘లిబ్‌పీక్యూ-డెవ్’ వేయాలి, లేదా పేరు చివర బైనరీ ఉన్న ప్యాకేజీకి మారాలి. జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) నేర్చుకునేవాళ్లకి మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ వేయడమే మంచిది, జాంగో వాళ్లు సిఫారసు చేసేది దాన్నే. మిగతా అందరికీ పైమైఎస్‌క్యూఎల్ సరిపోతుంది. నేర్చుకునే దశలో వేగం తేడా కనపడదు.

ఉబుంటు 24.04, డెబియన్ 12 మీద ఇవన్నీ కాకముందే ఇంకో గోడ అడ్డొస్తుంది: ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’. సిస్టం తన పనులకి వాడుకునే పైథాన్‌లో మనం చెయ్యి పెట్టడానికి పిప్ ఒప్పుకోదు. ‘--బ్రేక్-సిస్టం-ప్యాకేజెస్’ అనే దొడ్డిదారి ఉంది, దాని పేరే చెబుతోంది ఏమవుతుందో. సరైన దారి వెన్వ్, అంటే ఆ ప్రాజెక్టు కోసమే విడిగా కట్టుకునే పైథాన్ ఫోల్డరు. ముందు ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్’, తర్వాత ప్రాజెక్టు ఫోల్డర్లో ‘పైథాన్3 -ఎం వెన్వ్ చుక్కవెన్వ్’, ఆ తర్వాత ‘సోర్స్ చుక్కవెన్వ్/బిన్/యాక్టివేట్’. ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లో దాని పేరు కనపడాలి. విండోస్‌లో పవర్‌షెల్ వాడితే యాక్టివేట్ దగ్గర ‘రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిజేబుల్డ్’ అనొచ్చు, పాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ గొడవ ఉండదు. టెర్మినల్ మూసి తెరిచిన ప్రతిసారీ యాక్టివేట్ చేయాలి. మర్చిపోతే మర్నాడు మళ్లీ ‘నో మాడ్యూల్’.

నెట్ సంగతి కూడా చెప్పాలి. గోదావరి లంకల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుతుంటే సగంలో ‘రీడ్ టైమ్‌డ్ ఔట్’ వస్తుంది. ‘--డిఫాల్ట్-టైమౌట్=100’ అని చివర చేర్చితే పిప్ కాస్త ఓపిక పడుతుంది. ల్యాబ్‌లో ముప్పై మెషిన్లుండి నెట్ లేకపోతే, నెట్ ఉన్న ఒక మెషిన్ మీద ‘పై -ఎం పిప్ డౌన్‌లోడ్ -డీ కట్టలు పైమైఎస్‌క్యూఎల్ క్రిప్టోగ్రఫీ’ అంటే ఆ రెండూ, వాటికి కావలసిన తోక ప్యాకేజీలూ ‘కట్టలు’ అనే ఫోల్డర్లో పడతాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి, ప్రతి మెషిన్ మీద ‘పై -ఎం పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ కట్టలు పైమైఎస్‌క్యూఎల్ క్రిప్టోగ్రఫీ’ కొట్టాలి. పైమైఎస్‌క్యూఎల్ వీల్ సుమారు 45 కేబీ, ఎక్కడైనా సరిపోతుంది. క్రిప్టోగ్రఫీ మాత్రం కంపైల్ చేసినది కాబట్టి దించిన మెషిన్, వేసే మెషిన్ ఒకే రకం కావాలి.

పాత ల్యాబుల్లో ఇంకోటి చూశాను: పిప్ ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అంటుంది, పక్కనే ‘నాట్ యెట్ వ్యాలిడ్’ అని ఉంటుంది. నెట్ బాగానే ఉంది. గడియారం చూస్తే ఏళ్ల కిందటి తేదీ. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బిళ్ల అయిపోయింది, కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. తేదీ సరిచేస్తే పిప్ నడిచింది, బిళ్ల మారిస్తే మర్నాడు కూడా నడుస్తుంది.

పీహెచ్‌పీ నేర్చుకునేవాళ్లకి ఇదే జబ్బు ‘కుడ్ నాట్ ఫైండ్ డ్రైవర్’ అనో, ‘కాల్ టు అన్‌డిఫైన్డ్ ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్ఐ కనెక్ట్’ అనో వస్తుంది. ఉబుంటులో ‘పీహెచ్‌పీ-మైఎస్‌క్యూఎల్’ వేసి అపాచీ రీస్టార్ట్ చేయాలి. కమాండ్ లైన్ పీహెచ్‌పీకి ఒక ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైలు, అపాచీకి వేరే ఐఎన్ఐ ఫైలు ఉండొచ్చు, ఒకదాన్ని మార్చి రెండోదాన్ని చూస్తూ కూర్చోవద్దు. చివర ఐ లేని పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు పీహెచ్‌పీ 7.0తోనే తీసేశారు. పాత పుస్తకం చూసి రాస్తున్నట్టయితే ఏ ఇన్‌స్టాలూ వాటిని తేలేదు.

మన ల్యాప్‌టాప్ దగ్గరికి వస్తే, ఇంపోర్ట్ దాటింది. వెంటనే ఇంకో ఎర్రర్, నంబరు 2003, పక్కన 10061. కుర్రాడు మళ్లీ పిప్ వైపు వెళ్లబోయాడు. నంబరుతో వచ్చేవి మాడ్యూల్ చిక్కులు కావు, సర్వర్‌వి. 2003 అంటే అవతల తలుపు దగ్గర ఎవరూ లేరు, ఎక్సాంప్ (అపాచీ, డేటాబేస్, పీహెచ్‌పీ కలిపి వచ్చే కట్ట) కంట్రోల్ ప్యానెల్లో మైఎస్‌క్యూఎల్ స్టార్ట్ చెయ్యలేదు. చెయ్యబోతే పోర్ట్ 3306 వేరేవాళ్లు వాడుతున్నారంది. ‘నెట్‌స్టాట్ -ఏఎన్ఓ’ ఫలితాన్ని నిలువు గీత పెట్టి ‘ఫైండ్‌స్ట్ర్ 3306’కి పంపించి చూశాం. అక్కడ వింటున్నది మైఎస్‌క్యూఎల్ 8, విడిగా ఎప్పుడో వేసింది, ఈలోగా విండోస్ సర్వీసుగా లేచి కూర్చుంది. ఇక్కడా అదే ప్రశ్న, ఏ సర్వర్ అని. ఎక్సాంప్‌లో ఉండేది మైఎస్‌క్యూఎల్ నుంచి చీలి వచ్చిన మరియాడీబీ, దాని రూట్ యూజర్‌కి మామూలుగా పాస్‌వర్డ్ ఖాళీ. మైఎస్‌క్యూఎల్ 8కి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇచ్చిన పాస్‌వర్డ్ కావాలి. ఖాళీ పాస్‌వర్డ్‌తో దీని తలుపు తడితే 1045, యాక్సెస్ డినైడ్. ఎక్సాంప్ వదిలేసి మైఎస్‌క్యూఎల్ 8నే ఉంచుకున్నాం. సరైన పాస్‌వర్డ్ ఇస్తే పైమైఎస్‌క్యూఎల్ క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ కావాలంది, ‘పై -3.13 -ఎం పిప్ ఇన్‌స్టాల్ క్రిప్టోగ్రఫీ’ కొడితే సరిపోయింది. ఇది మాత్రం నిజంగానే లేని మాడ్యూల్.

టేబుల్లో మేత రకం పేరు తెలుగులో రాశాడు. కనెక్ట్ లైన్లో ‘చార్‌సెట్’ (అక్షరాలు దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 అని ఇప్పించాను, టేబుల్ కూడా అదే ఉండాలి. పాత సర్వర్ల మీద టేబుల్ లాటిన్1లో పుడితే, స్ట్రిక్ట్ మోడ్ ఉన్నచోట 1366 ఎర్రర్ వస్తుంది, లేనిచోట చప్పుడు లేకుండా తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది. టేబుల్‌ని మార్చుకోవచ్చు గానీ ప్రశ్న గుర్తులైన అక్షరాలు తిరిగిరావు, మళ్లీ టైపు చేయాల్సిందే.

‘చెరువు 2, మేత 42 కిలోలు’ అని ఒక వరస వేశాడు. ప్రోగ్రాం ఎర్రర్ లేకుండా ముగిసింది. మళ్లీ తెరిచి చూస్తే టేబుల్ ఖాళీ. మార్పుని ఖాయం చేసే ‘కమిట్’ లైను రాయలేదు. పైమైఎస్‌క్యూఎల్ తనంతట తాను కమిట్ చెయ్యదు. ఆ లైను చేర్చి నడిపాక వరస నిలబడింది.

వెళ్లేముందు వెన్వ్ కట్టించి, అందులో సరుకు మళ్లీ వేయించి, ‘పైథాన్ -ఎం పిప్ ఫ్రీజ్’ ఫలితాన్ని ‘రిక్వైర్‌మెంట్స్ చుక్క టీఎక్స్‌టీ’లోకి పంపించాను. కాలేజీకి తీసుకెళ్లేటప్పుడు వెన్వ్ ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే పనిచెయ్యదు. దాని లోపల ఈ ల్యాప్‌టాప్ దారులే రాసి ఉంటాయి, అక్కడ ‘నో పైథాన్ ఎట్’ అని ఈ ల్యాప్‌టాప్ దారే చూపిస్తుంది. ప్రోగ్రాం ఫైలు, ఆ టీఎక్స్‌టీ ఫైలు, పైన చెప్పినట్టు దించుకున్న ‘కట్టలు’ ఫోల్డరు, ఈ మూడే పట్టుకెళ్లాలి. అక్కడ కొత్త వెన్వ్ కట్టి ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ కట్టలు -ఆర్ రిక్వైర్‌మెంట్స్ చుక్క టీఎక్స్‌టీ’ కొట్టాలి. కొట్టేముందు కాలేజీ మెషిన్ మీద ‘పై -0పీ’ చూడమన్నాను. అక్కడ 3.13 లేకపోతే క్రిప్టోగ్రఫీ కట్ట ఎక్కకపోవచ్చు, ఆ వెర్షనుకి సరిపడేది ఇంటి దగ్గరే దించుకుని వెళ్లాలి.